పతకం లేని యోధుడు: ఆబిద్ హసన్ సఫ్రానీ

ప్రతి సంవత్సరం ఆగస్టు 15వ తేదీ ఉదయం నూజివీడు పట్టణంలోనూ, దాని చుట్టూ మామిడితోటల నడుమ ఉన్న పల్లెలలోనూ బడిపిల్లలు జెండా కింద చేరి ఒక మాటను ఎలుగెత్తి పలుకుతారు. ప్రభుత్వ పాఠశాలలోనూ, మన మద్రసా వాకిట్లోనూ అదే మాట. అదే ‘జైహింద్’. నూజివీడు చిన్న రసాల పేరు ఎరుగనివారు అరుదు. కాని ఏ తోటలో ఏ చేయి అంటుకట్టిందో తినేవారికి తెలియదు. మాటల సంగతీ అంతే. దేశమంతా పలికే ఈ మాటను ఒక సైన్యానికి పలకరింపుగా కుదిర్చిన వ్యక్తి మన హైదరాబాదువాడు, ముస్లిం, యుద్ధరంగంలో నిలిచిన సైనికుడు. ఆయన పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. చరిత్రలో ఆబిద్ హసన్ సఫ్రానీగా ప్రసిద్ధుడు.

హైదరాబాదులోని ఆబిడ్స్ కూడలి ఈయన పేరు మీదనే వెలసిందని కొందరు పొరబడుతుంటారు. అది ఆరవ నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అతని దుకాణం వల్ల వచ్చిన పేరు. సఫ్రానీ పేరు మీద నగరంలో అంతటి కూడలి లేదు. ఆయన రొమ్ము మీద ఏ ప్రభుత్వపు యుద్ధపతకమూ మెరవలేదు. అట్టివాని జీవితాన్ని యోధుల చరిత్రలలో ఎందుకు చేర్చాలన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఆ యుద్ధం మన తీరానికి ఎక్కడో దూరాన జరిగిందని అనుకోవడం సరికాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. ఆ సంవత్సరమే బర్మా జపాను వశమైంది. తరతరాలుగా కూలికీ, వ్యాపారానికీ రంగూను వెళ్లిన తెలుగువారు వేలాదిగా అడవిదారుల వెంట కాలినడకన స్వదేశానికి మరలివచ్చారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. ఇట్లు మన ప్రజల బతుకులతో ముడిపడిన యుద్ధరంగంలోనే సఫ్రానీ జీవితపు ప్రధాన ఘట్టం నడిచింది.

ఇల్లు, తల్లి

ఆబిద్ హసన్ 1911వ సంవత్సరంలో హైదరాబాదులో జన్మించారు. సంస్థానంలో నిజాం ప్రభువు బ్రిటిషువారికి విశ్వాసపాత్రుడైన మిత్రుడుగా ఉన్న కాలమది. అటువంటి రాజధానిలో, ట్రూప్ బజారులోని ‘ఆబిద్ మంజిల్’ అనే ఇల్లు మాత్రం వేరు దారి పట్టింది. ఆయన తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం జాతీయవాది. సరోజినీ నాయుడుకు సన్నిహితురాలు. విదేశీ వస్త్రాలను తన ఇంటి ముంగిట పోగువేయించి తగులబెట్టించిన ధీరురాలు. పెద్ద కుమారుడు బద్రుల్ హసన్ గాంధీజీ సన్నిధిలో కొంతకాలం గడిపి, తిరిగివచ్చి ఖద్దరు, చేతివృత్తుల పనికి అంకితమయ్యారు.

ఆబిద్ హసన్ కూడా చదువు మధ్యలో వదలి, శాసనోల్లంఘన ఉద్యమకాలంలో సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. కొంతకాలానికి అహింసామార్గం ఒక్కటే చాలునా అన్న సందేహం ఆయనకు కలిగింది. తరువాత ఇంజనీరింగు చదువు కోసం జర్మనీ వెళ్లారు. ఆయన బెర్లినులో విద్యార్థిగా ఉండగానే ప్రపంచయుద్ధం ప్రారంభమైంది.

బెర్లినులో పుట్టిన పలకరింపు

1941 జనవరిలో సుభాష్ చంద్రబోసు కలకత్తాలో గృహనిర్బంధం నుండి తప్పించుకొని, పెషావరు, కాబూలు, మాస్కోల మీదుగా ఏప్రిల్ నాటికి బెర్లిను చేరుకున్నారు. భారతీయ విద్యార్థులతో ఆయన జరిపిన సమావేశాలలో ఆబిద్ హసన్‌కు పరిచయం కలిగింది. చదువు మిగిలి ఉన్నదని యువకుడు సందేహించినా, చివరకు పుస్తకాలు మూసి నేతాజీ కార్యదర్శిగా, దుబాసీగా చేరిపోయారు. ఆ ఏడు నవంబరులో ‘ఫ్రీ ఇండియా సెంటరు’ ఏర్పడింది. ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మనులకు, ఇటాలియనులకు చిక్కిన భారత సైనికఖైదీల నుండి ‘ఇండియన్ లీజియన్’ అనే దళం తయారు కాసాగింది.

బ్రిటిషు భారతసైన్యంలో కులాన్ని, మతాన్ని, ప్రాంతాన్ని బట్టి కంపెనీలు కట్టేవారు. జాట్లు ఒకచోట, పంజాబీ ముస్లింలు ఒకచోట, సిక్కులు మరొకచోట. బోసు దీనికి విరుద్ధంగా అందరినీ ఒకే పటాలంలో కలిపి నిలబెట్టారు. అప్పుడు ఒక చిన్న చిక్కు వచ్చింది. సైనికుడు సైనికుడికి ఎదురైతే ఏమని పలకరించాలి? ముస్లిం ‘అస్సలాము అలైకుం’ అంటాడు. సిక్కు ‘సత్ శ్రీ అకాల్’ అంటాడు. హిందువులలో కొందరు ‘నమస్తే’, కొందరు ‘రాం రాం’. ఏది ఎంచుకున్నా మిగిలినవారికి తమది కాదనిపిస్తుంది.

హైదరాబాదు చరిత్రకారుడు నరేంద్ర లూథర్ నమోదు చేసిన కథనం ప్రకారం ఈ పని నేతాజీ ఆబిద్ హసన్‌కే అప్పగించారు. మొదట ఆయన ‘హలో’ అని సూచించగా నేతాజీ అంగీకరించలేదు. తరువాత శిబిరంలో తిరుగుతుండగా రాజపుత్ర సైనికులు ‘జై రాంజీ కీ’ అని పలకరించుకోవడం చెవిన పడింది. అందులోని లయ ఆయనకు నచ్చింది. దాన్ని ‘జై హిందుస్తాన్ కీ’ అని మార్చారు. అదీ పొడుగనిపించి ‘జైహింద్’ అని కుదించారు. నేతాజీ సంతోషంగా ఆమోదించారు.

తిరువనంతపురానికి చెందిన విప్లవకారుడు చెంపకరామన్ పిళ్లై ఈ మాటను అంతకుముందే వాడారని వాదించేవారు ఉన్నారు. ఆయన కూడా జర్మనీలో పనిచేసి 1934లో బెర్లినులోనే కన్నుమూసినవారు కనుక ఆ వాదాన్ని తేలికగా తోసివేయరాదు. అయితే మాటను మొదట పలకడం వేరు, ఒక సైన్యానికి దైనందిన ఆచారంగా నిలపడం వేరు. రెండవది జర్మనీ శిబిరాలలో జరిగిందనీ, అందులో ఆబిద్ హసన్ పాత్ర ముఖ్యమనీ చరిత్రకారులలో అధికులు అంగీకరించారు.

మాటలో కలిసిన రెండు నదులు

అనువాదం వృత్తిగా గలవారికి ఈ చిన్న మాట ఎంతో ముచ్చట గొలుపుతుంది. ‘జయ’ సంస్కృతపదం. ‘హింద్’ అన్నది సింధు నది పేరు పారశీకుల నోట మారి, అరబ్బులకు చేరి స్థిరపడిన రూపం. అరబ్బులు మన దేశాన్ని హింద్ అన్నారు. ఇక్కడి ఉక్కుతో చేసిన ఖడ్గాన్ని ‘ముహన్నద్’ అన్నారు. పదకొండవ శతాబ్దంలో అల్‌బిరూనీ ఈ దేశాన్ని గురించి రచించిన మహాగ్రంథం ‘కితాబుల్ హింద్’గానే పేరొందింది. అరబ్బులు ఆడపిల్లలకు కూడా ఈ పేరు పెట్టుకున్నారు. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఉమ్మె సలమా (రజి.) గారి అసలు పేరు హింద్. అంటే ఈ రెండక్షరాల పదం ఇస్లామీయ వాఙ్మయంలో పరాయిది కాదు. ప్రవక్త (స) గారి ఇంట వినిపించిన పేరు అది.

‘జై’ అన్న మాట దేవతల పేర్లతో కలిపి వాడుకలో ఉన్నది కదా, దాన్ని ముస్లిం పలకవచ్చునా అని మనవారిలో కొందరు సంకోచిస్తుంటారు. ఆ సంకోచం వెనుక తౌహీదు పట్ల ఉన్న జాగ్రత్తను గౌరవించవలసిందే. కాని పదార్థాన్ని విడదీసి చూడాలి. జయం అంటే గెలుపు, అరబీలో నస్ర్, ఫత్‌హ్. దేశానికి గెలుపు కలగాలని కోరడం ఒక శుభాకాంక్ష. అందులో ఆరాధన లేదు. ఆ కూర్పు చేసినవాడు కూడా ఏ ఒక్కరి ఆరాధ్యనామాన్నీ వేరొకరి నోట పలికించకూడదనే ఉద్దేశంతోనే దాన్ని చేశాడు. ‘రాంజీ’ ఉన్న చోట ‘హింద్’ను నిలపడంలోని వివేకం అదే.

తొంభై రోజుల సముద్రయానం

1943 ఫిబ్రవరి 8వ తేదీన జర్మనీలోని కీల్ రేవులో యు-180 అనే జలాంతర్గామిలోకి ఇద్దరు భారతీయులు దిగారు. ఒకరు నేతాజీ, మరొకరు ఆబిద్ హసన్. గమ్యస్థానమేదో ముందుగా ఆబిద్ హసన్‌కు చెప్పలేదు. అంతటి రహస్యం. ఆ ప్రయాణానికి సహచరునిగా నేతాజీ ఎన్నుకున్నది తన రాష్ట్రం వాడిని కాదు, తన మతం వాడిని కాదు. హైదరాబాదు ముస్లిం యువకుడిని. ఇది గమనార్హం.

లోపల డీజిలు వాసన, ఇరుకు. బ్రెడ్డుకు కూడా ఆ నూనె వాసనే. నేతాజీ భోజనం సాగక ఇబ్బంది పడుతుంటే, ఆబిద్ హసన్ ఓడ సరుకులలో వెదకి కొంత బియ్యం, పప్పు సంపాదించారు. ఆ రెండూ చేతికి చిక్కితే హైదరాబాదువాడు ఏమి వండుతాడో చెప్పనక్కరలేదు. ఖిచిడీ సిద్ధమైంది. నేతాజీ దానిని జర్మను అధికారులకు కూడా పంచిపెడుతుంటే, సరుకు అయిపోతుందేమోనని తాను లోలోపల బెంగపడ్డానని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

ఇంకొక సంఘటన కూడా ఆయన జ్ఞాపకాలలోనిదే. ఒకనాడు శత్రునౌక ఒకటి జలాంతర్గామి మీదకు దూసుకువచ్చి, అందరి ప్రాణాలూ తృటిలో దక్కాయి. ఆ సమయంలో నేతాజీ ఏదో రాయిస్తున్నారు. ఆబిద్ హసన్ కలం ఆగిపోయింది. నేతాజీ మాత్రం తాను ఒకే సంగతిని రెండుసార్లు చెప్పినా రాసుకోలేదేమని శాంతంగా అడిగారట. కార్యదర్శి తన భయాన్ని దాచకుండా చెప్పుకొనడమే ఈ జ్ఞాపకానికి విలువ తెచ్చింది.

ఏప్రిల్ 28న మడగాస్కరు దీవి సమీపంలో, ఎగసిపడే అలల మధ్య, ఇద్దరూ రబ్బరు తెప్ప మీద జపాను జలాంతర్గామి ఐ-29లోకి మారారు. మే నెలలో సుమత్రా కొసన ఉన్న సబాంగులో ఒడ్డు చేరారు. దాదాపు మూడు నెలల ప్రయాణమది. యుద్ధకాలంలో రెండు దేశాల జలాంతర్గాముల మధ్య ఇట్లు ప్రయాణికులను మార్చడం అపూర్వం. మరుసటి సంవత్సరమే ఆ రెండు జలాంతర్గాములూ సముద్రంలో కలిసిపోయాయి.

కోవెల ముంగిట, సమాధి చెంత

1943 జూలైలో సింగపూరులో నేతాజీ ఆజాద్ హింద్ ఉద్యమ నాయకత్వాన్ని రాస్‌బిహారీ బోసు నుండి స్వీకరించారు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించబడింది. ఆ సైన్యపు ఆశయ వాక్యం మూడు ఉర్దూ పదాలు: ఇత్తెహాద్, ఎతెమాద్, ఖుర్బానీ. అంటే ఐక్యత, విశ్వాసం, త్యాగం. ఠాగూరు గీతం ఆధారంగా ఆ ప్రభుత్వానికి హిందుస్తానీలో ‘శుభ్ సుఖ్ చైన్’ అనే జాతీయగీతం తయారైనపుడు, ముంతాజ్ హుసేన్‌తో కలిసి దాని రచనలో పాలుపంచుకున్నది ఆబిద్ హసనే. స్వరం కూర్చినవారు కెప్టెన్ రాంసింగ్ ఠాకురీ.

సింగపూరులోని చెట్టియార్ల దేవాలయంవారు నిధి సమర్పిస్తామని నేతాజీని ఆహ్వానించారు. అన్య మతస్థులైన తన సహచరులను కూడా అనుమతిస్తేనే వస్తానని ఆయన నిబంధన పెట్టారు. ఆలయంవారు అంగీకరించారు. నేతాజీ వెంట ఆబిద్ హసన్, మహమ్మద్ జమాన్ కియానీ వెళ్లారు. అక్కడివారు అతిథులందరికీ నొసట చందనం అద్దారు. బయటికి వచ్చిన పిమ్మట నేతాజీ తన బొట్టును తుడిచివేశారు, తామూ తుడిచివేశామని ఆబిద్ హసన్ స్మరించుకున్నారు. అతిథి మర్యాద అతిథి మర్యాదగానూ, ఎవరి ధర్మం వారిదిగానూ నిలిచిన ఘట్టమిది.

అదే సంవత్సరం సెప్టెంబరు 26వ తేదీన నేతాజీ రంగూనులో చివరి మొగలు చక్రవర్తి బహాదుర్‌షా జఫర్ సమాధి వద్ద సైనికవందనం జరిపించారు. 1857 తిరుగుబాటుకు పేరు ఇచ్చి, పరాయిగడ్డ మీద కన్నుమూసిన ఆ వృద్ధ కవి చక్రవర్తి చెంత నుండే ఢిల్లీ దండయాత్ర మొదలవుతున్నదని సైన్యానికి తెలియజేయడం అందులోని ఉద్దేశం.

‘సఫ్రానీ’ అన్న పేరు గురించి ప్రచారంలో ఉన్న కథనం ఇది. జెండా రంగుల విషయంలో తర్జనభర్జన జరిగింది. హిందూ సైనికులలో కొందరు కాషాయవర్ణం కావాలన్నారు. ముస్లింలు ఆకుపచ్చ అన్నారు. చివరకు హిందూ సోదరులు తమ పట్టు విడిచిపెట్టారు. ఆ ఔదార్యానికి ఆబిద్ హసన్ మనసు కరిగింది. తన పేరు చివర ‘సఫ్రానీ’, అనగా కాషాయవర్ణం కలవాడు అని చేర్చుకున్నారు. ఎదుటివాడు విడిచిన రంగును తన పేరులో దాచుకోవడం! ఔదార్యానికి బదులు ఔదార్యమే అన్న నీతికి ఇంతకంటే నిదర్శనం కావాలా?

ఇంఫాల్ కొండలలో ఇద్దరు ముస్లిం సైనికులు

ఇక పతకాల విషయానికి వద్దాము. 1944 మార్చిలో జపాను సైన్యం, దానితో పాటు ఆజాద్ హింద్ ఫౌజు దళాలు బర్మా సరిహద్దు దాటి మణిపూరులో ప్రవేశించాయి. ఏప్రిల్ 6వ తేదీన ఇంఫాల్‌కు ఉత్తరాన ఉన్న ఒక కొండ మీద 9వ జాట్ రెజిమెంటుకు చెందిన జమేదార్ అబ్దుల్ హఫీజ్ తన కొద్దిమంది సైనికులతో జపానువారి మీదకు ఎక్కిపోయి, గాయపడినా ఆగక పోరాడి ప్రాణాలర్పించాడు. రోహతక్ జిల్లా కలానౌరుకు చెందిన ఆ యువకుడికి బ్రిటిషు ప్రభుత్వం మరణానంతరం విక్టోరియా క్రాసు ఇచ్చింది. ఆ యుద్ధంలో దాన్ని పొందిన మొదటి ముస్లిం అతడే. నేటికీ ఇంఫాల్ యుద్ధశ్మశానంలో అతని సమాధి ఉన్నది.

సరిగ్గా ఎనిమిది రోజులకు, ఏప్రిల్ 14న, ఇంఫాల్‌కు దక్షిణాన మొయిరాంగులో కర్నల్ షౌకత్ మాలిక్ ఆజాద్ హింద్ పతాకాన్ని ఎగురవేశారు. ఆయనకు నేతాజీ ప్రభుత్వం ‘సర్దారె జంగ్’ పతకం ఇచ్చింది. ఆ రెండు చోట్లూ ఇంఫాల్ పరిసరాలలోనివే. ఒక ముస్లిం ఈ వైపు, మరొక ముస్లిం ఆ వైపు. ఒకని పతకం లండను నుండి, మరొకని పతకం రంగూను నుండి.

హైదరాబాదు కూడా రెండు వైపులా ఉన్నది. నిజాం విరాళంతో పేరు పెట్టుకొన్న 152వ హైదరాబాదు స్క్వాడ్రను స్పిట్‌ఫైర్ విమానాలు బర్మా రంగంలోనే పోరాడాయి. నిజాం తలపాగా బొమ్మే ఆ దళపు చిహ్నం. సంస్థాన సైన్యానికి చెందిన మొదటి హైదరాబాదు పదాతిదళం 1941 డిసెంబరులో జపాను దాడి మొదలైనపుడు మలయాలోని కోటబారు విమానాశ్రయానికి కాపలా ఉన్నది. అటువైపు ఆకాశంలో నిజాం తలపాగా; ఇటువైపు నేలమీద, గాంధీ బ్రిగేడుతో పలేల్ ప్రాంతపు అడవులలో, ఆబిద్ మంజిల్ బిడ్డ.

వీరిలో ఎవరు సరైనవారు? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. అబ్దుల్ హఫీజ్ జీతం కోసం పోరాడిన కిరాయివాడని తీసివేయడం అన్యాయం. తాను చేసిన ప్రమాణాన్ని, తన వెనుక ఉన్న సైనికులను, తన నేలను అతడు కాపాడాడు. ఆబిద్ హసన్‌ను శత్రువుల వైపు చేరినవాడని అనడమూ అన్యాయమే. నియ్యత్ గురించి సహీహ్ బుఖారీ మొట్టమొదటి హదీసును చదువుకున్నవారు ఈ ఇద్దరి మధ్య తీర్పు తమ చేతిలో లేదని ఎరుగుదురు. పతకం ప్రభుత్వం ఇస్తుంది. నియ్యత్‌కు ప్రతిఫలం ఇచ్చేవాడు వేరు.

తిరుగుబాట

వర్షాకాలం వచ్చింది. తిండి, మందులు లేవు. ఆజాద్ హింద్ ఫౌజు నుండి ఇంఫాల్ రంగానికి వెళ్లిన సుమారు ఆరువేల మందిలో యుద్ధంలో చనిపోయినవారు దాదాపు 400 కాగా, ఆకలికి, మలేరియాకు, రక్తవిరేచనాలకు బలైనవారు దాదాపు 1,500. తిరిగివచ్చిన 2,600 మందిలో అత్యధికులు ఆసుపత్రులపాలయ్యారు. జపాను వైపు నష్టం యాభైవేలు దాటింది.

ఈ తిరుగు ప్రయాణం గురించి సఫ్రానీ రాసిన ‘ది మెన్ ఫ్రం ఇంఫాల్’ అనే చిన్న రచనను కలకత్తాలోని నేతాజీ రిసెర్చ్ బ్యూరో 1971లో ప్రచురించింది. అందులో విజయగాథలు లేవు. బలూచీలు, అస్సామీలు, కాశ్మీరీలు, మలయాళీలు, పఠాన్లు, సిక్కులు, గుజరాతీలు ఒకే బురదలో, ఒకే ఆకలితో నడిచిన దృశ్యం ఉన్నది. ఓటమిలో కూడా వారు ముక్కలు కాలేదన్నదే ఆయన చెప్పదలచినది. గెలిచినపుడు కలిసి ఉండటం సులభం. ఓడి, ఆకలిగొని, వెనుదిరిగినపుడు కలిసి ఉన్నదే సమాజం. నా దృష్టిలో సఫ్రానీ జీవితం నుండి మనకు అందే సారాంశం ఈ ఒక్క సంగతిలో ఉన్నది.

సైగానులో మిగిలిపోయిన సీటు

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. నేతాజీ ఆఖరి ప్రయాణంలో సింగపూరు నుండి బాంకాకు మీదుగా సైగాను వచ్చినపుడు ఆయన వెంట ఉన్న కొద్దిమందిలో ఆబిద్ హసన్ ఒకరు. ఆగస్టు 17న సైగానులో జపానువారి విమానంలో రెండు సీట్లు మాత్రమే దొరికాయి. నేతాజీ తనతో కర్నల్ హబీబుర్ రహమాన్‌ను తీసుకువెళ్లారు. ఎస్.ఎ. అయ్యరు, ఆబిద్ హసన్, తదితరులు విమానాశ్రయంలో నిలబడిపోయారు. మరునాడు తైహోకులో విమానం కూలింది. సముద్రగర్భంలో మూడు నెలలు నేతాజీకి ఏకైక సహచరుడైనవాడు ఆ చివరి ప్రయాణంలో మాత్రం వీడ్కోలు పలికినవారిలో ఒకడయ్యాడు. తఖ్దీర్ అంటే ఇదే.

అటుపిమ్మట ఆయన బ్రిటిషువారికి చిక్కి ఖైదు అనుభవించారు. ఎర్రకోటలో షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ల విచారణ దేశాన్ని కదిలించిన తరువాత, 1946లో ఇతర సైనికులతో పాటు విడుదలయ్యారు. స్వాతంత్ర్యానంతరం ఆజాద్ హింద్ ఫౌజువారిని భారతసైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. యుద్ధపతకాల జాబితాలలో వారి పేర్లకు చోటు లేకపోయింది. సఫ్రానీ విదేశాంగశాఖలో చేరి, ఈజిప్టు మొదలైన దేశాలలో పనిచేసి, డెన్మార్కులో భారత రాయబారి అయ్యారు. 1969లో పదవీవిరమణ చేసి హైదరాబాదు చేరుకున్నారు. 1984లో పరమపదించారు. అల్లాహ్ మర్హూంకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

ఆయన అన్నగారి కుమార్తె సురయ్యా హసన్ బోసు నేతాజీ వంశంలోనే కోడలైంది. దర్గా హుసేన్ షా వలీ వద్ద మగ్గాలు పెట్టి, హిమ్రూ, మష్రూ వంటి అంతరించిపోతున్న నేతపనులకు ప్రాణం పోసి, నేతకారుల పిల్లల కోసం సఫ్రానీ పేరిట పాఠశాల నడిపింది. 2021లో ఆమె మరణించింది.

ఒక ఆక్షేపణ

నాజీ జర్మనీ, సామ్రాజ్యవాద జపానుల సాయం తీసుకున్నవారిని ఎట్లు గౌరవించగలమని విజ్ఞులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే, దాటవేయదగినది కాదు. నేతాజీ వెళ్లిపోయిన తరువాత ఐరోపాలో మిగిలిన ఇండియన్ లీజియన్‌ను 1944లో నాజీల ఎస్.ఎస్. సేన కిందకు చేర్చారు. అండమానులో నేతాజీ పతాకం ఎగురవేసి వెళ్లిన నెలరోజులకే, 1944 జనవరి 30న, హంఫ్రీగంజు వద్ద 44 మంది భారతీయులను జపానువారు కాల్చి చంపారు. వీరు స్వాతంత్ర్య సంఘానికి చెందినవారే. పరాయివాడి ఖడ్గాన్ని అరువు తెచ్చుకుంటే దాని పిడి మన చేతిలో ఉండదన్నది ఇందులోని కఠినమైన పాఠం. అయితే అదే కాలంలో బెంగాలులో కరవుకు ముప్ఫై లక్షల వరకు ప్రజలు బలైన సంగతిని కూడా ఎదుట పెట్టుకొనే ఆనాటి యువకుని నిర్ణయాన్ని తూచాలి. చరిత్రకారుని పని పొగడటమూ కాదు, కప్పిపుచ్చటమూ కాదు.

ముగింపు

స్వతంత్రభారతపు మొట్టమొదటి తపాలా బిళ్ల 1947 నవంబరు 21వ తేదీన వెలువడింది. మూడున్నర అణాల వెల. దానిమీద త్రివర్ణ పతాకం, పక్కన ‘జైహింద్’. జర్మనీ శిబిరంలో ఒక హైదరాబాదీ విద్యార్థి కుదించి కూర్చిన మాట ఆరేళ్లు తిరగకముందే ఉత్తరాల మీద ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. ఎర్రకోట బురుజు మీద ప్రధానమంత్రి ప్రసంగం దానితోనే ముగుస్తుంది. సరిహద్దులో సైనికుడు సైనికుడికి దానితోనే వందనం చేస్తాడు. పతకం ధరించినవాని రొమ్ము మీద ఉంటుంది, అతనితో పాటు పెట్టెలోకి పోతుంది. సఫ్రానీకి దక్కినది లక్షల నోళ్లలో ఉన్నది.

దేశభక్తికి సాక్ష్యం చూపమని ముస్లింను నిలదీసే సందర్భాలు మన కాలంలో తక్కువేమీ కావు. అట్టి సమయంలో కోపగించుకోవడం కంటె, తలదించుకోవడం కంటె, విషయం తెలిసి ఉండటం మేలు. నూజివీడు తోటలలో మామిడి చెట్టు అంటు ద్వారా మంచిదవుతుంది. వేరు ఒక చెట్టుది, కొమ్మ మరొక చెట్టుది. గాటు దగ్గర కట్టిన కట్టు మానేదాకా ఓపిక పట్టాలి. ఫలం మాత్రం ఒక్కటే. సంస్కృతపు జయానికి అరబీ హింద్‌ను అంటుకట్టిన తోటమాలి ఎవరో మన పిల్లలకు చెప్పడం మన బాధ్యత. వచ్చే ఆగస్టులో జెండా కింద పిల్లలు ఆ మాట పలికినపుడు, ఆ వెంటనే ఒక నిమిషం ఆగి, ఆబిద్ హసన్ సఫ్రానీ పేరు చెప్పే ఉపాధ్యాయుడు ఒక్కడున్నా చాలు.